అద్దం మీద మసక

"ముందద్దం నల్లగా ఉందండీ," అన్నాడు డ్రైవర్, మీట మీంచి చెయ్యి తీయకుండానే.

తెర మీద రైలు బయటి నుంచి చూస్తే అచ్చం అతను నడిపే రైలే. నీలం మీద మీగడరంగు పట్టీ, తలుపు కింద తుప్పు చార, సగం చెరిగిన నంబరు, అన్నీ కుదిరాయి. ఇంజను గదిలోకి వెళితే మాత్రం ఎదుటి అద్దానికి తారు పూసినట్టుంది.

రంగులమ్మ కళ్ళజోడు సవరించుకుంది. కంప్యూటర్లో ఆడే రైలు ఆటలోని బండ్లకు కొత్త రంగులు వేసిపెడుతుంది కనుక ఆ ఆట ఆడేవాళ్ళ ఆన్‌లైన్ గుంపులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు.

"తప్పు నాదే. బొమ్మని ఒక రకం ఫైలు నుంచి ఇంకో రకంలోకి మార్చేటప్పుడు పారదర్శకత ఊడిపోయింది. గాజుని కూడా ఇనపరేకే అనుకుంటోంది ఆట."

"పోనీలెండమ్మా," అంది డ్రైవర్ భార్య. "ఆయన చేతులు వణక్కుండా ఉంటే అదే పదివేలు. సోమవారమే ఫిట్‌నెస్ పరీక్ష."

నిజమే. ఆ నల్లటి అద్దం వెనక అతని చేతులు వణకలేదు. మూడు నెలల్లో ఇదే మొదటిసారి. గేటు లేని క్రాసింగ్ దగ్గర సైకిల్ మీద వచ్చిన అమ్మాయి అతని రైలు కింద పడింది. నీ తప్పేం లేదని ఎంక్వయిరీలో తేల్చారు. అతని చేతులే ఆ మాట వినలేదు. ఇలాంటి ఆట మీద సాధన చెయ్యమని డాక్టరు సలహా ఇస్తే, నా బండి అయితేనే కూర్చుంటానన్నాడు. అతను రైలు నడిపే ఆ మార్గం ఆటలో ఎప్పటి నుంచో ఉంది, బండే లేదు. భార్య వివరమంతా రాసి గుంపులో అడిగింది. పది నిమిషాల్లో రంగులమ్మ జవాబు వచ్చింది. 'నేను చేస్తాను. ఇద్దరూ మా ఇంటికి రండి.'

"పోనివ్వడానికి లేదు," అంది రంగులమ్మ. "ఆ రోజు ఆయనకి కనపడిందంతా ఇక్కడా కనపడాలి. లేకపోతే ఇంత దూరం వచ్చి లాభమేంటి?"

ఆ గొంతులోని కరుకుదనానికి భార్య నొచ్చుకుంది. డ్రైవర్ మాత్రం తల వంచుకుని, "చెయ్యండి," అన్నాడు.

ఆమె అసలు ఫైలు మళ్ళీ తెరిచింది. అందులో రంగుల కింద దాగున్న ఇంకో పొరని విడదీసింది. అది నలుపు తెలుపుల బొమ్మ.

"ఇందులో తెల్లగా ఉన్నచోట ఏమీ కనపడదు. నల్లగా ఉన్నచోట అవతలిదంతా కనపడుతుంది. రంగు వేసిన బొమ్మకి దీన్ని మళ్ళీ అతికించాలి."

అతికించి, మార్చి, ఆట మొదలుపెట్టింది. ఈసారి అసలు అద్దమే లేనట్టుంది. పట్టాలు ముఖం మీదికి దూసుకొచ్చాయి. డ్రైవర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇదీ తప్పే," అందామె. "అయితే పూర్తిగా కనపడటం, లేదంటే అసలు కనపడకపోవడం. రెండే మెట్లున్న రకం ఫైలులో దాచాను. మధ్య మెట్లు కూడా ఉంచే రకంలో దాచాలి. చెప్పండి, ఆ రోజు అద్దం ఎలా ఉంది?"

"తుంపర పడుతోంది. వైపర్ ఎడమవైపు సరిగ్గా తుడవలేదు. విల్లులాగా మసక."

"ఎంత మేర? వేలితో చూపించండి."

అతను చూపించాడు. ఆమె బూడిదరంగుతో ఆ విల్లు గీసింది.

"ఇంతేనా? ఇంకా మందంగా ఉందా?"

"కింద ఇంకాస్త."

"గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఊహించి వద్దు."

"ఎందుకమ్మా ఆయన్ని అలా గుచ్చి గుచ్చి అడుగుతారు?" అంది భార్య.

మూడోసారి ఆట మొదలైంది. అద్దం అద్దంలా ఉంది. ఎడమవైపు విల్లు, దాని వెనక తడిసిన చెట్లు. మలుపు తిరగ్గానే అతని వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

"హారన్ ఎక్కడ మొదలుపెట్టారు?"

"ఆ పసుప్పచ్చ బోర్డు దగ్గర."

"నిజంగా?"

"నిజంగా. క్రాసింగ్ దాకా ఆపలేదు."

"ఆ అమ్మాయి ఎప్పుడు కనపడింది?"

"ఇదిగో, ఇప్పుడు." ఖాళీ క్రాసింగ్ వైపు చూస్తూ బ్రేకు మీట ఆఖరిదాకా లాగాడు. "ఈ మసకలోంచి వచ్చింది. కనపడేసరికి ఇంత దూరమే ఉంది. ఇంతకన్నా ముందు లాగడం నా వల్ల కాలేదమ్మా."

రైలు క్రాసింగ్ దాటి చాలా దూరం వెళ్ళి ఆగింది.

"భయపడిందా?" రంగులమ్మ మెల్లగా అడిగింది.

"లేదు. రెయిన్‌కోటు టోపీ కళ్ళ మీదికి ఉంది. తలెత్తలేదు. నన్ను చూడనే లేదు."

ఆమె తెర మీది రైలుని మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టింది. తర్వాత, "ఇంకోసారి నడపండి," అంది. "ఈసారి ఆపకండి. దాటి వెళ్ళిపోండి."

అతను నడిపాడు. హారన్ మోగిస్తూ క్రాసింగ్ దాటాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి కానీ మీట వదల్లేదు. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

రంగులమ్మ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ డ్రైవర్ ఆగాడు.

"ఇంతమంది ఇన్ని అడిగారు. ఆ పిల్ల భయపడిందా అని మీరొక్కరే అడిగారమ్మా. ఎంక్వయిరీకి వాళ్ళ నాన్న వచ్చాడు, నేను తలెత్తి చూడలేకపోయాను. ఒక్కసారి వాళ్ళింటికి వెళ్ళాలనుంది. మొహం మీద తలుపేస్తారేమోనని భయం."

"వెయ్యరు."

"మీకెలా తెలుసు?"

"నేనే దాని అమ్మని."