పదింతల జీతం

"సాయంత్రం నాలుగింటికల్లా ఆ డబ్బు వెనక్కి రావాలి. లేదా నీ ఐడీ కార్డు నా టేబుల్ మీదకి రావాలి. రెండిట్లో ఏదో తేల్చుకో!"

మేనేజరు అరుపుకి అద్దాల గది బయట కూర్చున్నవాళ్ళు కూడా తలలు దించేసుకున్నారు. లోపల ఆయన ఎదురుగా ప్రోగ్రామరు అమ్మాయి నిలబడి ఉంది. కంపెనీ జీతాల ప్రోగ్రాం రాసింది ఆమే. విదేశంలో ఒక రేవుకి పంపిన క్రేన్ డ్రైవరుకి నాలుగు నెలలుగా జీతం పదింతలు వెళ్తోందని ఆ పొద్దున్నే బ్యాంకువాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. నెలకి నాలుగు వందల యాభై దీనార్లు తీసుకోవాల్సిన మనిషికి నాలుగు వేల అయిదు వందలు పడుతున్నాయట.

"తప్పెక్కడుందో చూస్తున్నాను సార్. ఇంకొక్క గంట టైము..."

"ఇచ్చినదాంతో సర్దుకోవడం నేర్చుకో!"

అది ఆయన ఊతపదం. సెలవు కావాలన్నా, కుర్చీ విరిగిందన్నా, ఏసీ పనిచేయడం లేదన్నా ఆయన దగ్గర జవాబు అదొక్కటే. అడిగేవాళ్ళ మాట పూర్తికాకముందే వచ్చి పడుతుంది.

మూల కుర్చీలో కంపెనీ యజమానురాలు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. అరిచే మనిషికంటే ఆమె మౌనమే ఎక్కువ భయపెడుతోంది. అమ్మాయి ఉద్యోగం మీదే ఇంట్లో నలుగురూ బతుకుతున్నారు. ఇవాళ ఉత్త చేతులతో ఇంటికెళ్తే అమ్మ మొహం ఎలా చూడాలి?

అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. దేశదేశాల కరెన్సీల వివరాలన్నీ ఒకచోట పొందుపరిచిన లైబ్రరీ ఒకటి ఆమె ప్రోగ్రాంలో ఉంది. మూడక్షరాల కోడ్ ఇస్తే చాలు, ఆ డబ్బు పేరేమిటో, అందులో చిల్లర ఎంతో టక్కున చెప్పేస్తుంది. డ్రైవరు జీతం తీసుకునే దీనారు కోడ్ కొట్టింది. తెర మీద జవాబు చూడగానే "అయ్యో!" అంది.

"ఏమైంది?" యజమానురాలు మొదటిసారి నోరు విప్పింది.

"ప్రోగ్రాంలో జీతాలన్నీ చిల్లర లెక్కలో ఉంటాయి మేడమ్. బ్యాంకుకి పంపేముందు భాగించి నోట్ల లెక్కలోకి మారుస్తాం. ఏ దేశంలోనైనా వంద చిల్లర నాణేలు కలిస్తే ఒక నోటు అనుకుని అందరికీ వందతోనే భాగించేశాను. ఈ దీనారుకి మాత్రం వెయ్యి కలవాలి. ఇందులో జీతం తీసుకునేది ఆయనొక్కడే, అందుకే మిగతావాళ్ళవి సరిగ్గా వెళ్ళాయి." లాప్‌టాప్ యజమానురాలి వైపు తిప్పింది. "లైబ్రరీని కరెన్సీ పేరు ఒక్కటే అడిగాను, చిల్లర సంగతి అడగలేదు. అడిగుంటే చెప్పేది. తప్పు నాదే మేడమ్."

"విన్నారా? తన నోటితో తనే ఒప్పుకుంది!" మేనేజరు చెయ్యి చాచాడు. "కార్డు ఇలా ఇవ్వు."

"ఒక్కసారి ఆయనతో మాట్లాడతాను సార్. నాలుగు కాలేదు కదా ఇంకా."

"మాట్లాడు, మాట్లాడు. నాలుగు నెలలు గుట్టుచప్పుడు కాకుండా మింగినవాడు నువ్వడగ్గానే కక్కేస్తాడు!"

ఫోన్ స్పీకర్‌లో పెట్టి నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"ఎప్పుడో ఉడాయించి ఉంటాడు," అన్నాడు మేనేజరు వాచీ చూసుకుంటూ. నాలుగుకి పది నిమిషాలుంది.

మూడోసారి డ్రైవరు ఎత్తాడు. వెనకాల గాలి హోరు, ఇంజను రొద.

"ఎవరండీ?"

"ఆఫీసు నుంచండీ. మీ జీతం గురించి..."

ఇంజను ఆగిపోయింది. చిన్న గొంతుతో, "ఇంకెప్పుడూ రాయనమ్మా. నా పొట్ట కొట్టకండి," అన్నాడు.

ఏం రాయడో అమ్మాయికి అంతుపట్టలేదు. ఆలోచించే తీరిక కూడా లేదు.

"అది కాదు బాబాయ్‌గారూ. మీకు జీతం ఎక్కువ పడింది. పొరపాటు నాది. ఆ డబ్బు... ఉందా?"

అమ్మాయి ఫోన్ మీదకి వంగింది.

"ఎందుకుండదు తల్లీ! నా జీతమెంతో నాకు తెలీదా? పైన పడిందంతా బ్యాంకులో అలాగే ఉంది. ఒక్క నాణెం కూడా ముట్టుకోలేదు. ఏ రోజు ఎవరొచ్చి దొంగ అంటారో అని నిద్ర పట్టట్లేదమ్మా. ఎక్కడికి పంపాలో చెప్పు, డ్యూటీ దిగగానే పంపేస్తా."

అమ్మాయికి ప్రాణం లేచివచ్చింది. కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోయింది.

"డబ్బొస్తే సరిపోతుందా మేడమ్?" మేనేజరు చాచిన చెయ్యి వెనక్కి తియ్యలేదు. "నాలుగు నెలలు ఎవరికీ తెలియలేదంటే ఎంత నిర్లక్ష్యం! ఇలాంటివాళ్ళని ఉంచుకోకూడదు."

యజమానురాలు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి జరిగింది. "ఎక్కువ పడుతోందని మొదటి నెలలోనే తెలిసింది కదా? మరి మాకెందుకు చెప్పలేదు?"

"జీతం ఎక్కువైంది మహాప్రభో అని చెప్పే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా మేడమ్?" మేనేజరు పకపకా నవ్వాడు.

"చెప్పకపోవడమేంటమ్మా!" అవతలి గొంతు ఉక్రోషంతో లేచింది. "జీతం తప్పు పడుతోంది, సరిచెయ్యండి అని నెలనెలా మేనేజరుగారికి మెయిల్ పెడుతూనే ఉన్నాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు."

మేనేజరు నవ్వు ఆగిపోయింది. ఫోన్ కట్ చెయ్యబోయాడు. యజమానురాలు చటుక్కున దాన్ని తనవైపు లాక్కుంది.

"ఏమని?"

"ఇచ్చినదాంతో సర్దుకోవడం నేర్చుకో అని!"