తలుపు వెనక మేకు

"అమ్మా, ఇవాళ ఒక్కరోజు 'మూటల కొట్టు' అన్న మాట నీ నోట రాకూడదు," అంది కూతురు చెప్పులు వేసుకుంటూ. "వాళ్ళింట్లో అందరూ టిప్‌టాప్‌గా ఉంటారు. మన బట్టలన్నీ పెద్ద టైలరు దగ్గర కుట్టిస్తామని చెప్పాను."

"పెద్ద టైలరంటే నేనేగా! అందులో అబద్ధమేముంది?" అంది సూదమ్మ, పళ్ళ మధ్య గుండుసూది తియ్యకుండానే.

"అమ్మా!"

"సరేలే తల్లీ, నోటికి కుట్లు వేసుకుంటా. నువ్వెళ్ళి పిల్లాణ్ణి తీసుకురా."

సూదమ్మ అసలు పేరు ఆ బిల్డింగులో ఎవరికీ గుర్తులేదు. వాడిన బట్టలు మూటలు విప్పి అమ్మే కొట్టు నుంచి చవగ్గా ఏరుకొచ్చి, ఇంట్లో మిషను ముందు కూర్చుని వాటిని కొత్తవాటిలా చెయ్యడం ఆవిడకి ఇరవై ఏళ్ళ అలవాటు. మొగుడి చొక్కాలు, కూతురి కాలేజీ డ్రెస్సులు, కిటికీ కర్టెన్లు అన్నీ అలా వచ్చినవే. అలా మిగిల్చిన దానితోనే పిల్ల ఫార్మసీ చదువు గట్టెక్కింది. అది చెప్పుకోవడానికి ఆవిడకి సిగ్గేమీ లేదు, పైగా కాస్త గర్వం కూడా. కానీ సాయంత్రం ఐదింటికి, కూతురు మనసుపడ్డ పిల్లాడి తండ్రి మొదటిసారి ఇంటికొస్తున్నాడు. పెద్ద హోటల్లో మేనేజరు. ఆయన ఊ అంటే పెళ్ళి, ఊహూ అంటే పిల్ల కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళు చూసే ధైర్యం మాత్రం సూదమ్మకి లేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తలుపు వెనక మేకుకి ఏది తగిలించినా అది రిపేరుకి వచ్చినట్టే. అడగడాలు, చెప్పడాలు ఉండవు. సూదమ్మ తీస్తుంది, కోసేది కోస్తుంది, కుట్టేది కుడుతుంది, మడతపెట్టి బీరువాలో పెట్టేస్తుంది. ఒకసారి మొగుడు మతిమరుపుగా గొడుగు తగిలిస్తే దానికీ అంచు కుట్టిపడేసింది.

నాలుగింటికి ఆవిడ పాలు, బిస్కెట్లు కొనుక్కుని ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కొచ్చింది. మొగుడు లిఫ్టు మెకానిక్కు, కాపురమేమో లిఫ్టు లేని బిల్డింగులో. ఆ మాటంటే ఆయనకి ఒళ్ళు మంట. ఇంట్లో చూస్తే ఎవరూ లేరు. మేకుకి మాత్రం బూడిదరంగు కోటొకటి వేలాడుతోంది.

సూదమ్మ మొహం విప్పారింది. మంచి కోటొకటి తెచ్చుకోండి మహానుభావా అని వారంరోజులుగా మొగుడి ప్రాణం తోడేస్తోంది. మొత్తానికి మనిషి కదిలాడన్నమాట! పైన మంచి ఉన్ని బట్ట, లోపల పట్టులాంటి లైనింగు. 'ఇన్నాళ్ళకి ఈయనకి బట్ట చూడ్డం వచ్చింది,' అని మురిసిపోయింది. చేతులు మాత్రం బాగా పొడుగు. రెండేసి అంగుళాలు తీసెయ్యాలి. చేతిలో ఉన్నది గంట.

కత్తెర కరకరలాడింది, మిషను గడగడలాడింది. అరగంట తిరిగేసరికి కోటు బల్లమీద ఇస్త్రీకి సిద్ధమైంది. అప్పుడే మేడమీంచి మెట్లు దిగుతూ నవ్వులు వినిపించాయి. ముందు మొగుడు, వెనకాల ఎవరో పెద్దమనిషి.

"వచ్చేశావా? మేనేజరుగారు గంటన్నర ముందే దయచేశారు," అన్నాడు మొగుడు. "మెట్లెక్కి చెమటలు పట్టేస్తే, కోటు విప్పించి గాలికి మేడమీదికి తీసుకెళ్ళాను."

సూదమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. "కోటు... ఎక్కడ తగిలించారండీ?"

"ఇంకెక్కడ, తలుపు వెన..." ఆయన మేకు వైపు చూశాడు. బల్లమీది కోటు చూశాడు. పక్కనే పడున్న రెండు బూడిదరంగు ముక్కలు చూశాడు.

సరిగ్గా అప్పుడే కూతురూ పిల్లాడూ గుమ్మంలో అడుగుపెట్టారు. ఇరవై ఏళ్ళుగా ఆ మేకుని చూసిన పిల్లకి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అయ్యో అమ్మా!" అని తల పట్టుకుంది.

సూదమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంక దాచి ప్రయోజనం లేదనుకుంది.

"అన్నయ్యగారూ, తప్పు నాది. పెద్ద టైలరూ లేడు, చిన్న టైలరూ లేడు. మేం మూటల కొట్లో కొనుక్కుని, ఇంట్లో బాగుచేసుకు కట్టుకునేవాళ్ళం. మీ కోటు కూడా అక్కడిదే అనుకుని కోసేశాను. తిడితే నన్ను తిట్టండి. నా పిల్లని మాత్రం కాదనకండి."

పెద్దాయన బల్ల దగ్గరికి నడిచాడు. కోటు అందుకుని మెల్లగా తొడుక్కున్నాడు.

"నాన్నా, ప్లీజ్, ఏమీ అనకండి," అన్నాడు పిల్లాడు కంగారుగా. వాడి మొహం పాలిపోయింది.

"నువ్వాగరా," అని ఆయన అద్దం ముందుకి వెళ్ళాడు. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. కుడివైపు తిరిగి చూసుకున్నాడు, ఎడమవైపు తిరిగి చూసుకున్నాడు. మోచెయ్యి మడిచి, టీ కప్పు ఎత్తుతున్నట్టు చెయ్యి నోటిదాకా తెచ్చుకున్నాడు.

ఆయన గుండీ పెట్టుకుని, ఇటు తిరిగి, కొడుకు వద్దంటున్నా వినకుండా నోరారా నవ్వాడు.

"ఇదీ మూటల కొట్టుదే, చెల్లెమ్మా!"