బిలం మూసిన రాయి

బోధన్ దగ్గర చెరుకు తోటల నడుమ రామాలయం. దాని గోడ మీద గంగారాం వాలి సుగ్రీవుల బొమ్మ వేస్తున్నాడు. అన్న లోపల చచ్చిపోయాడనుకొని సుగ్రీవుడు బిలానికి రాయి అడ్డం పెడుతున్న ఘట్టం. రంగులన్నీ అయ్యాయి. సుగ్రీవుడి కళ్ళు మాత్రం మిగిలాయి. కళ్ళు దిద్దే పని ఎప్పుడూ గంగారాం అన్న ఆశన్నదే.

పోయిన ఎండాకాలం ఆశన్న పూడిక తీయడానికి బావిలోకి దిగాడు. అంతకు వారం ముందే ఆ బావి వాటా గురించి అన్నదమ్ములు కొట్లాడుకున్నారు. లోపల విషగాలి. గంగారాం మూడుసార్లు పిలిచాడు, పలుకు లేదు. పిల్లలెవరైనా పడతారని రేకు కప్పి, రాయి పెట్టి, మనుషుల కోసం పరుగెత్తాడు. తిరిగొచ్చి ఎత్తితే రేకు అడుగున గోళ్ళ గీతలున్నాయి. ఆశన్న బావి అడుగున శవమై ఉన్నాడు.

"కండ్లు నువ్వే పెట్టు గంగారాం. ఎన్ని దినాలు గిట్ల గుడ్డిగ ఉంచుతవు?" అని పూజారి రామస్వామి దీపం వెలిగించి ఇంటికి పోయాడు.

గంగారాం కుంచె కడుక్కొని వచ్చేసరికి సుగ్రీవుడికి కళ్ళున్నాయి. రంగు తడి ఆరలేదు. అచ్చం అన్న దిద్దినట్టే ఉన్నాయి, కానీ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు.

"పిలిచిన గద అన్నా! మూడుసార్లు పిలిచిన."

బొమ్మలోని రాయి వెనక ఎవరో గోళ్ళతో గీకుతున్న చప్పుడు.

గంగారాం వేళ్ళతోనే ఆ రాయిని గీకసాగాడు. సున్నం రాలింది, గోళ్ళు చిట్లాయి. అంతలో లోపలి చప్పుడు ఆగిపోయింది.

అతను గోడకు చెవి ఆనించాడు.

"పలుకు అన్నా. గీసారి నేనెటూ పోను."