అనంతం

వెన్ను ఆపరేషన్‌కి తన భర్త అప్పలనాయుడి వంతు ఎప్పుడొస్తుందని గౌరి ఆసుపత్రి యంత్రాన్ని అడిగితే, "ఎప్పటికీ రాదు" అని జవాబొచ్చింది.

గాభరాపడి చెల్లెల్ని పిలిచింది. ధనలక్ష్మి ప్రోగ్రాములు రాస్తుంది. ఆ యంత్రం లెక్కలున్న తెర తెరిచి చూసి నొసలు ముడిచింది.

"అక్కా, బావ ఎన్నాళ్లు ఆగగలడో ఇక్కడుంది. అనంతమట."

"అంటే? మీ బావకి చావే లేదా?"

"లెక్క చెడిందే తల్లీ! రోగి ఎన్నాళ్లు ఆగగలడో తేల్చడానికి నొప్పి అంకెతో భాగిస్తారు. ఆ అంకె సున్నా అయితే అనంతం వస్తుంది. అలా వస్తే పట్టుకోమని ఒక్క తనిఖీ రాయాల్సింది, రాయలేదు. తక్కువ ఆగగలిగినవాళ్లకే ముందు వంతు. అందుకే కొత్తగా ఎవరొచ్చినా బావకంటే ముందే నిలబడుతున్నారు. ఇప్పుడే డాక్టరుతో మాట్లాడతాను. కానీ సున్నా ఎక్కడిది?"

నొప్పి పదికి ఎంతని రోజూ పొద్దున అడిగేది ఆసుపత్రివాళ్లు అప్పలనాయుడి చేతికి కట్టిన పట్టీ. అక్కచెల్లెళ్లిద్దరూ అతని వైపు తిరిగారు. అతను గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

"ఏం బావా, కుర్చీలో కూర్చోడానికే ఇంత అవస్థ పడుతున్నావ్. సున్నా అన్నదెవరు?"

"నేనే. అది సరిగ్గా టిఫిన్ల వేళ అడుగుతుంది, ఇల్లంతా వినబడేలా. మొదటి రోజు ఎనిమిదన్నాను. మా పాప ఇడ్లీ ముట్టకుండా నన్నే చూస్తూ కూర్చుంది. మర్నాడు సున్నా అన్నాను. నవ్వి, తినేసింది. ఆ తర్వాత ఇంకో అంకె నా నోట రాలేదు."