నాలుగో వాకబు

మిర్చి యార్డులో పని ముగించుకుని బాపయ్య ఆటో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చేతిలో చిరునామా ఉంది, మనసులో పంతం ఉంది. కోటేష్‌కి కుదరబోయిన మూడు సంబంధాలు ఈ ఇంటి దగ్గర వాకబు చేసి వెనక్కి పోయాయి. ఎందుకు పోయాయో తేల్చుకోకుండా ఇవాళ అద్దంకి బస్సెక్కేది లేదు.

కోటేష్ మేడ మీద గదిలో అద్దెకుంటాడు. బాపయ్య మేడ ఎక్కలేదు. పెళ్లికొడుకు మంచిచెడ్డలు పెళ్లికొడుకునే అడుగుతామా ఎక్కడైనా? కింద వాటా తలుపు తట్టాడు.

ఇంటివాళ్లమ్మాయి మాధవీలత తలుపు తీసింది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుందట. సంబంధం మాట చెవిన పడగానే ఆ పిల్ల మొహం మాడిపోయింది. అయినా కుర్చీ వేసింది, మజ్జిగిచ్చింది.

"కోటేష్ గారి గురించా అండీ? దాచడమెందుకు. చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది సాఫ్ట్‌వేర్. చదువుకీ పనికీ పొంతన లేదు."

"ఏ కంపెనీ అమ్మా?"

"కంపెనీ లేదు, పాడూ లేదు. ఫ్రీలాన్సు. ఎవరు పనిస్తే వాళ్లకి చేసిపెడతారు."

"పనిముట్లేమిటి మరి?" అన్నాడు బాపయ్య. అరక చూసి రైతుని అంచనా కట్టే మనిషాయన.

"పైథాన్‌లో తప్ప ప్రోగ్రామ్ రాయరు. జావా అంటే మొహం చిట్లిస్తారు. ఉన్న విండోస్ పీకేసి లైనక్స్ వేసుకున్నారు. రోజంతా నల్ల స్క్రీను, తెల్ల అక్షరాలు. బొమ్మా ఉండదు, రంగూ ఉండదు. మౌస్ ముట్టుకుంటే మైలనుకుంటారో ఏమో. ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో దొరక్కపోతే గోడతో మాట్లాడతారండి, ఎదురుగా మనిషున్నట్టు."

బాపయ్య మీసాల చాటున నవ్వుకున్నాడు. వింటున్నకొద్దీ ఆయనకి హుషారు పుట్టుకొస్తోంది.

"దొరికితే?"

"దొరికితే మెట్లు దూకుతూ వచ్చి ముందు నాకే..." మాధవీలత నాలిక్కరుచుకుంది.

ఓహో, అదన్నమాట సంగతి అనుకున్నాడు బాపయ్య. మజ్జిగ ఇంకో గుక్క తాగాడు.

"ఇంతకు ముందొచ్చిన వాళ్లకీ ఇవే చెప్పావా తల్లీ?"

"ఇవేనండి. ఒక్క అబద్ధం ఆడలేదు."

"మళ్లీ ఇటు తొంగి చూడలేదటగా వాళ్లు."

"పాపం," అంది ఆ పిల్ల. గొంతులో జాలి మాత్రం మచ్చుకైనా లేదు.

"సరేలే. ఇంత పనికిమాలినవాణ్ణి ఇంట్లో ఉంచుకోవడమెందుకు? రేపే గది ఖాళీ చేయించమని మీ నాన్నగారికి చెప్పిపోతాను."

"అయ్యో, ఖాళీ ఎందుకండీ?" ఆ పిల్ల చేతిలో చెంబులోని మజ్జిగ ఒలికిపోయింది. "అలాంటి మనిషి వెతికినా దొరకరండీ. మా నాన్నకి కంటి ఆపరేషనైతే చేతిలో పని పక్కన పెట్టి ఆస్పత్రిలో కూర్చున్నారు. నిన్నగాక మొన్న కొత్త ప్రోగ్రామ్‌కి నా పేరు పెట్టారు. ఎందుకండీ అంటే, ఇన్నాళ్లకి తప్పు పట్టడానికేమీ లేనిది ఇదొక్కటే రాశానన్నారు."

అనేసి, తనేం అన్నదో అప్పుడు తెలిసి, చెంబు కింద పెట్టేసింది. చెవులు పండు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

"నిజం చెప్పమ్మాయ్. ఆ కుర్రాడంటే ఇష్టమేనా?"

"ఇష్టమండి. వచ్చినవాళ్లని సాగనంపే ధైర్యముంది గానీ, ఆయనతో చెప్పే ధైర్యమే లేదు." కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ అమ్మాయి బతుకులో నిప్పులు పోశానని తిట్టుకోకండి."

"ఆ సంగతి నాకొదిలేయ్."

బాపయ్య కండువా దులుపుకుని లేచాడు. వాకిట్లోకొచ్చి ఫోన్ తీసి, అవతల ఎత్తడమే ఆలస్యం, వీధంతా వినబడేటట్టు కేకేశాడు.

"ఒరేయ్ కోటేషూ, నాన్ననిరా, మంచి చొక్కా తొడుక్కుని కిందికి దిగు, నాకు కోడలు దొరికింది."