పాలగుండం నీళ్లు

"ఆ నీళ్లు నాకొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

పొయ్యి పక్కన చాప మీద పడి ఉన్న రింజేన్ బోంబో అరవబోయాడు. అరుపు మధ్యలోనే దగ్గయిపోయింది. కూతురు సుకుమాయ ఆయన వీపు రాసింది. గుమ్మం దగ్గర అల్లుడు ఫుర్బా వెదురు బుట్టకు తాడు బిగిస్తూనే ఉన్నాడు.

హేలంబు కొండల పైని ఆ తమాంగుల ఊరికి నలభై ఏళ్లుగా మంత్రాలు వేసే బోంబో ఆయనే. దయ్యాన్ని వదిలించాలన్నా ఆయనే రావాలి, ప్రాణం పోయేవాడి గొంతులో పాలగుండం నీళ్లు పోయాలన్నా ఆయనే రావాలి. ఏటా శ్రావణ పున్నమికి ఊరంతా డప్పులు వాయిస్తూ ఆయన వెంట కొండెక్కేది. జెండాలు కట్టిన కనుమ దగ్గర అందరూ ఆగిపోవాలి. అవతలి గుండానికి బోంబో ఒక్కడే పోవాలి. గురువు ఇచ్చిన రాగి చెంబు పట్టుకుని వెళ్లి, మర్నాడు పొద్దెక్కాక నిండు చెంబుతో తిరిగొచ్చేవాడు. ఆ గుక్కెడు నీళ్లు దిగితే చాలు, ఎంత భయస్తుడైనా నెమ్మదిగా కళ్లు మూసేవాడు.

ఇప్పుడు ఆయన వంతు వచ్చింది. ఈ శ్రావణానికి ఆయన కొండెక్కలేకపోయాడు, చెంబు ఖాళీగా ఉంది.

"ఊరందరి గొంతూ తడిపినవాడు ఎండు గొంతుతో పోతాడా?" అన్నాడు ఊరిపెద్ద కార్సాంగ్. "కన్నకూతురుంది, కొడుకులాంటి అల్లుడున్నాడు. వీళ్లు కనుమ దాటితే దేవుడేమీ అనుకోడులే."

"మార్గశిరంలో ఆ కొండ ఎవడెక్కుతాడురా? మతిగాని పోయిందా మీకు?"

"నువ్వెక్కలేదా మామా, నలభైసార్లు?" ఫుర్బా నవ్వాడు. "కనుమ దాటాక ఎడమకా, కుడికా? అదొక్కటీ చెప్పు చాలు."

బోంబో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిగాడనుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ కనుమ చేరారు. మంచు మోకాళ్ల దాకా ఉంది. ఫుర్బా అప్పటికే తల పట్టుకుని నడుస్తున్నాడు. పొద్దున తిన్న ధిడో ముద్దంతా కక్కేశాడు.

"కొండజబ్బు పట్టింది నీకు. ఈ ఎత్తు పడట్లేదు. దిగిపోదాం పదయ్యా," అంది సుకుమాయ.

"దిగి? కుళాయి నీళ్లు పోస్తావా మీ నాన్నకి? డెబ్బై ఏళ్ల ముసలాడు నిరుడు ఒక్కడే వెళ్లొచ్చాడు. ముప్పై రెండేళ్లవాణ్ణి, నేను వెనక్కెళితే ఊళ్లో ఆడపిల్లలు కూడా నవ్వుతారే."

అవతల దారే లేదు. ఏటా ఓ మనిషి నడిచే చోట గుర్తుకు రాయి మీద రాయైనా కనబడాలి. మంచు కప్పేసిందనుకున్నారు. రెండుసార్లు దారి తప్పి వెనక్కొచ్చారు. బండ కింద ముడుచుకుని ఎలాగో తెల్లవార్చారు. ఎండ వచ్చాక గుండం కనబడింది.

తండ్రి చెప్పే కథల్లో అది కళ్లమంత ఉండేది, పాలలా తెల్లగా. ఇదేమో చూపు ఆనినంత దూరం ఉంది. గట్టు వెంబడి గడ్డకట్టింది తప్ప, లోపలంతా నల్లటి నీళ్లే. సుకుమాయ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చలికాలం కదా, రంగు మారి ఉంటుందనుకుంది.

ఫుర్బా రాయితో మంచుగడ్డ పగలగొట్టి చెంబు ముంచాడు. లేవబోతే కాళ్లు నిలవలేదు. తాగినవాడిలా తూలుతూనే మూత బిగించి ఆమె చేతిలో పెట్టాడు.

"ఒలికించావో, చంపేస్తా," అన్నాడు. అదీ నవ్వుతూనే.

అతని చెయ్యి భుజాన వేసుకుని ఆమె ఈడ్చింది. కనుమ ఎక్కుతుంటే అతని నోటి వెంట గులాబీరంగు నురగ వచ్చింది. ఛాతీలో గురగుర మొదలైంది. జెండాలు ఇంకా వంద అడుగుల దూరంలో ఉన్నాయనగా ఆ చప్పుడు ఆగిపోయింది.

పిలిచింది. చెంపల మీద కొట్టింది. తిట్టింది. చివరికి మూత తీసి ఒక్క గుక్క అతని నోట్లో పోసింది. అది పెదవుల పక్కనుంచి కారిపోయింది. మూత మళ్లీ బిగించింది. అతని మీద తన శాలువా కప్పి, గాలికి ఎగరకుండా చుట్టూ రాళ్లు పెట్టి, దిగడం మొదలుపెట్టింది.

ఒక్కత్తే రావడం చూడగానే కార్సాంగ్‌కి అర్థమైంది. నలుగురు మగవాళ్లకు తాళ్లిచ్చి పైకి పంపాడు.

"ముందు ఆయన గొంతు తడుపమ్మా," అన్నాడు. "ప్రాణం దానికోసమే కొట్టుకుంటోంది."

సుకుమాయ తండ్రి తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోసింది. రెండు గుక్కలు మింగాడు. ఆమె వెనక, గుమ్మంవైపు చూశాడు.

"ఫుర్బా ఏడమ్మా?"

"కనుమ దగ్గర పడుకోబెట్టి వచ్చాను, నాన్నా."

ఆయన అందర్నీ బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. తలుపు మూసుకున్నాక కూతురి మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే, అక్కడ నిజంగానే గుండం ఉందా తల్లీ?"