స్టేజీ వెనక సీట్లు

"స్టేడియం పూరా ఫుల్ మాలతీ. మీ అమ్మగారికి సీటు ఎక్కణ్ణించి తేను?" అన్నాడు, ఆ సాయంత్రం రాయ్‌పూర్‌లో పాటల కచేరీ పెట్టిస్తున్న మురళీమోహన్.

కోరస్ పాడే మాలతికి ఒళ్లు మండింది. కళ్లెదుట ఒక పక్కంతా బోసిగా ఉంటే నిండిపోయిందంటాడేమిటీయన! అదే అడిగేసింది. అవి స్టేజీ వెనక సీట్లనీ, క్రికెట్‌కైతే చుట్టూరా కూర్చుంటారు గానీ పాటలకొచ్చి పాడేవాళ్ల వీపులు చూస్తూ ఎవరు కూర్చుంటారనీ, అందుకే అటువైపు టికెట్లే అమ్మలేదనీ ఆయన విసుక్కున్నాడు.

"మా అమ్మకి చూపు లేదు సార్. వీపైతేనేం, మొహమైతేనేం?"

మురళీమోహన్ సరేనన్నాడు.

మాలతిది పంతం కాదు. ఇన్నేళ్లకి ఒక చరణం ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో పనిచేసిన తండ్రి సత్తిరాజు ఈ రోజు కోసమే కలలుగని, అది రాకముందే కిందటేడు పోయాడు. కనీసం అమ్మయినా వినాలి. ఇంట్లో వాళ్లెవరూ వినని పాట ఎన్ని వేలమంది వింటే మాత్రం ఏం లాభం?

రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి ఆటోలో వచ్చిన తల్లి దాలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ వెనక స్టాండులో కూర్చోబెట్టింది. కనుచూపుమేరా ఖాళీ కుర్చీలు, మధ్యలో ఒక్క ముసలమ్మ. మాలతి ప్రాణం ఉసూరుమంది. ఎక్కడికీ కదలొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి స్టేజీ మీదికి పరుగెత్తింది.

తన వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. ముందున్న జనానివి కావవి. గిరుక్కున తిరిగి చూసింది. అమ్మ ఒక్కతే ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. మాలతి కళ్లు గట్టిగా మూసుకుని పాట అందుకుంది.

కచేరీ అయిపోగానే ఒక్క ఉదుటున స్టాండెక్కి తల్లిని వాటేసుకుంది. "ఇన్ని ఖాళీ సీట్ల మధ్య ఒక్కదాన్నే వదిలేశాను. భయమేసిందా అమ్మా?"

దాలమ్మ విడ్డూరంగా మొహం పెట్టింది.

"కాళీ ఎక్కడే? ఇసకేస్తే రాలనంత జనం. మీ నాన్నకే సీటు దొరక్క, పాపం, ఆకరిదాకా నిలబడే ఇన్నాడు."